గొల్లభామ ముక్కుపుడక

"గా ఫొటో పెట్టింది ఆరేండ్ల కింద! గప్పటికి నువ్వే ఎరుకలేవు నాకు, నీ గ్రూపు యాడెరుక?"

మహేందర్ సంచిలోకి బట్టలు కుక్కుతూనే అరిచాడు. నిన్ననే ఇస్త్రీ చేయించిన అంగీలు ఉండలు చుట్టుకుపోతున్నా పట్టించుకోవడం లేదు.

చాప మీద అతని పెళ్లాం నవత ఫోను వెల్లకిలా పడి ఉంది. నిమిషానికోసారి వెలుగుతోంది, ఆరుతోంది. ఇంట్లో నలుగురూ దాన్నే చూస్తున్నారు గానీ, అదేదో తేలయినట్టు ఎవరూ ముట్టుకోవడం లేదు.

"పేజీ షురూ జేసిననాడే జెప్పిన, ఆ ఫొటో తీసెయ్యుమని" అంది నవత. "ఇన్నవా?"

"ఎందుకు తీసెయ్యాలె? భివండీల మరమగ్గం ముందల నిలవడుడు తప్పా? పదేండ్లు ఈ ఇంటికి గదే బువ్వ వెట్టింది."

"తప్పని నేనన్ననా? గాళ్లంటున్నరు."

గాళ్లంటే 'చేనేత చుట్టాలు' గ్రూపువాళ్లు. అరవై వేల మంది. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసింది లేదు, ఒకళ్లింటి నీళ్లు ఒకళ్లు తాగింది లేదు. అయినా రెండేళ్లుగా ఈ ఇంటి పొయ్యి వాళ్ల మాట మీదే వెలుగుతోంది. వాళ్లు ఆహా అంటే, కొంగున గొల్లభామ బొమ్మ నేసే సిద్దిపేట చీర బెంగళూరు పోయింది, పుణె పోయింది. నవత మామ బాలనర్సయ్యకు 'గొల్లభామ తాత' అని పేరు పెట్టిందీ వాళ్లే. రోజూ దీపాలు పెట్టే వేళకు ఆయన కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇయ్యాల ఎవలేమన్నరు చదువు బిడ్డా అనేవాడు. విని, తల పక్కకు తిప్పుకుని, మీసంలో నవ్వుకునేవాడు.

ఇప్పుడు ఆ అరవై వేల నోళ్లూ, ఇది చేతి నేత కాదు మరమగ్గం చీర అంటూ తిరగబడ్డాయి. కుండకు మూత పెట్టొచ్చు గానీ లోకుల నోటికి మూత పెట్టగలమా!

మొన్న ఎవడో పనిలేని మహానుభావుడు తవ్వి తీశాడు మహేందర్ పాత ఫొటోను. నల్ల కళ్లజోడు పెట్టుకుని, వెనక వరసగా మరమగ్గాలు. కింద ఒక్కటే ముక్క రాశాడు: "ఇదిగో, మన తాతగారి అసలు మగ్గం." పన్నెండు వందల మంది నవ్వారు. నిన్న మొన్నటిదాకా తాతా తాతా అని దండాలు పెట్టినవాళ్లే.

గ్రూపు నడిపే సంగీత హైదరాబాద్‌లో ఉంటుంది. మంచి మనిషే. ఈ పొద్దున ఆమె పంపిన మాటలు నవతకు కంఠతా వచ్చేశాయి. "నవతా, నాకు నీ మీద నమ్మకం ఉంది. కానీ నా ఒక్కదాని నమ్మకం సరిపోదు. సాయంత్రం ఐదింటికి లైవ్ పెట్టు. బాలనర్సయ్యగారు మగ్గం మీద కొంగుకు ఒక్క గొల్లభామను నేసి చూపిస్తే చాలు. లేదంటే మీ పేజీకి నకిలీ అని ఎర్రగుర్తు వేయక తప్పదు. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకు అట!

ఎర్రగుర్తు పడితే ఇక చీర అడిగే నాథుడుండడు. మహేందర్‌కు మళ్లీ ఆ దూరపు భివండీ మరమగ్గాలే గతి. సేటుకు అప్పుడే ఫోను కూడా చేశాడు, రేపు బస్సెక్కమన్నాడట. పెళ్లయిన మొదటి మూడేళ్లలో నవత మొగుణ్ని చూసింది అంతా కలిపితే డెబ్బై రోజులు. ఇప్పుడు ఆ డెబ్బై రోజుల కాపురమే మళ్లీ మొదలు.

"బాపు ఎట్లాగు కూసోలేడు" అన్నాడు మహేందర్, గొంతు తగ్గించి. "ఇంకెందుకు ఆలోచన జేసుడు?"

గోడకు ఆనుకుని కూర్చున్న బాలనర్సయ్య ఆ మాట విననట్టే ఉన్నాడు. ఎడమ చేయి ఒళ్లో పడి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరచిపోయినట్టు.

పోయిన దసరాకు పక్షవాతం వచ్చింది. దవాఖానలో పదిహేను రోజులున్నాక కాలు తిరిగి వచ్చింది, మాట తిరిగి వచ్చింది. చేయి రాలేదు. నలభై రెండేళ్లు మగ్గం ఆడించిన చేయి గ్లాసు కూడా పట్టలేకపోయింది.

మరి ఈ ఎనిమిది నెలల్లో అమ్ముడుపోయిన చీరల సంగతేంటి? అవన్నీ నవత అత్త బాలలక్ష్మి నేసినవి.

ఆ ఇంట్లో ఆడవాళ్లు రాట్నం మీద నూలు కండెలు చుడతారు, మగవాళ్లు గుంట మగ్గంలో కాళ్లు పెడతారు. అది వాళ్ల తాతల నాటి రివాజు. చిన్నప్పుడే మరమగ్గాల పనికి పోయిన మహేందర్‌కు మాత్రం గొల్లభామను నేయడం చేతకాదు. బాలలక్ష్మి ఏనాడు నేర్చుకుందో, రాట్నం దగ్గర కూర్చుని చూసి చూసి ఎప్పుడు చేతికి వచ్చిందో ఎవరికీ తెలియదు. దసరా వెళ్లిన ఇరవయ్యో రోజున తలుపు గొళ్లెం పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని, గుంటలో దిగింది. అంతే.

అప్పటి నుంచి మగ్గం చప్పుడు వినబడుతున్నంతసేపూ బాలనర్సయ్య గడప దాటడు. దాటితే వాడకట్టు మొత్తం అడుగుతుంది, నువ్వు గీడుంటే మగ్గం ఎవలాడిస్తున్నరని. అందుకని ఎనిమిది నెలలుగా పొద్దంతా తన ఇంట్లోనే తాను జైల్లో ఉన్నట్టున్నాడు. తలుపు చప్పుడైతే ఆమె గభాలున లేచి రాట్నం ముందుకు ఉరుకుతుంది, ఆయన గోడ పట్టుకుని వచ్చి గుంటలో కూర్చుంటాడు. ఆ ఉరుకుల్లో ఒకసారి ఆమె మోకాలి చిప్ప కదిలింది కూడా.

చీరకు కుట్టే చీటీ మీద మాత్రం ఎప్పటి మాటే: 'నేసినవారు: బాలనర్సయ్య'. చీటీ మారుద్దామని నవత ఒక్కసారి అంది. ఆ రోజు మామ అన్నం ముట్టలేదు. మళ్లీ ఆమె ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉండాల్సింది! ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?

ఫోను మళ్లీ వెలిగింది. ఈసారి నవత తీసింది. తీసి, చూసి, మళ్లీ చూసింది.

"ఏందే?" అన్నాడు మహేందర్.

"గజ్వేల్ల స్వరాజ్యం టీచర్ లేదా, మన దగ్గర రెండు చీరలు కొన్నది... రెండిటినీ పక్కపక్కన వెట్టి ఫొటో దింపింది. పాతదాంట్ల గొల్లభామ ముక్కు ఉత్తగున్నదట. కొత్తదాంట్ల ముక్కుకు పుడక ఉన్నదట. ఇవి రెండూ ఒక్క చేయి నేసినవి కావు, నన్ను మోసం చేశారు అని రాసింది."

"పుడకనా?" బాలనర్సయ్య తలెత్తాడు. రెండు రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. "ఏం పుడక? జూపియ్యి."

నవత బొమ్మను వేళ్లతో పెద్దది చేసి ఆయన కళ్ల ముందు పెట్టింది. తల మీద చల్లకుండ, చేతిలో కోల, కుచ్చిళ్ల పావడ. ఎప్పటి గొల్లభామే. కానీ ముక్కు దగ్గర, ఆవగింజలో సగమంత, ఒక్క పసుపు పోగు మెరుస్తోంది.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఏమే. ఎవలడిగి వెట్టినవ్ గిది?"

బాలలక్ష్మి రాట్నం పక్కన కూర్చుని చిక్కుపడ్డ పోగు విడదీస్తోంది. తలెత్తలేదు.

"మా తాత వెట్టలే, మా నాయిన వెట్టలే. నలభై రెండేండ్లు నేను వెట్టలే. నా బొమ్మకు పుడక వెట్టనీకి నువ్వెవలివే?"

"మామా, జర మెల్లగ, పక్కింటి సుమిత్రమ్మకు ఇనవడ్తది" అంది నవత.

"ఇననీ! ఊరంత ఇననీ! ఎనిమిది నెలలసంది నా పక్కన్నే కూసోని, నా పేరు మీద, నాకు ఎరుకలేకుంట..." దగ్గు వచ్చి ఆగిపోయాడు. కళ్లు సరిగ్గా కనిపించని మనిషి, నేతను వేళ్లతో తడిమి చూసుకునేవాడు. వేళ్లకు ఒక్క పోగు ఏం తెలుస్తుంది?

బాలలక్ష్మి పోగు విడదీయడం ముగించింది. ముగించి అప్పుడు చెప్పింది.

"నా ముక్కుది నీ దవాఖానకు పాయె. కనీసం దానికన్న ఉండనీ అనుకున్న."

 నవత అత్త ముఖంలోకి చూసింది. ముక్కు మీద కుట్టిన చోట చిన్న నల్ల చుక్క. రోజూ చూసే ముఖమే, ఎనిమిది నెలలుగా ఆ చుక్క అక్కడే ఉంది. తనెందుకు చూడలేదు? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది ఆమెకు.

గడియారం మూడున్నర దాటింది. రోహిణి ఎండకు రేకులు కాలిపోతున్నాయి. మహేందర్ సంచికి జిప్పు వేశాడు. అది సగంలో ఇరుక్కుపోయింది. అక్కడే వదిలేసి గడప మీద కూర్చున్నాడు, వీపు ఇంట్లోకి పెట్టి.

ఆ వీపును చూస్తుంటే నవతకు ఆ మాట వచ్చింది. ముందు మనసులోకి వచ్చింది. నోట్లోకి రాకుండా ఆపాలని చూసింది. దిక్కుతోచని మనిషికి మంచీ చెడూ ఏం కనిపిస్తాయి? వచ్చేసింది.

"అత్తమ్మా... ముఖం గనవడకుంట చేతులే జూపిద్దాం. మామ అంగి తొడుక్కో. మామ పక్కన్నే కూసోని మాట్లాడుతడు. మాట మామదే ఉంటది. చేతులు నీయి." కాస్త ఆగింది. "గాజులొక్కటే... తీస్తే సరిపోతది."

మహేందర్ గిర్రున తిరిగాడు. "నీకేమన్న పిచ్చా! బాపు బతికుండంగ మా అవ్వను గాజులు తియ్యమంటున్నవా?"

"మరేం జెయ్యాలె? నువ్వే జెప్పు! రేపు బస్సెక్కి నువ్వు పోతవ్. మల్ల పండుగకో పబ్బానికో ఒస్తవ్. నేనేం జెయ్యాలె?"

"అయితే గాజులు తియ్యమంటవా? థూ!"

ఆ థూ నవత చెంప మీద కొట్టినట్టయింది. ఏడుపు తన్నుకొచ్చింది. తప్పే. ముత్తైదువను ఆ మాట అనకూడదు, పగవాళ్ల ఇంట్లో కూడా అనరు. తన సొంత అమ్మ వింటే తనను గడప తొక్కనివ్వదు.

బాలనర్సయ్య తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు, అవునని కూడా అనలేదు. గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

బాలలక్ష్మి లేచి వెనక కొట్టంలోకి వెళ్లింది. కుండలో నీళ్ల చప్పుడు, సబ్బు పెట్టె మూత చప్పుడు. చాలాసేపటికి టప్‌మని చిన్న చప్పుడు. నవత పరుగెత్తింది.

అత్త ముంజేతులకు సబ్బు నురగ. రాతిపలక మీద పదకొండు ఆకుపచ్చ గాజులు, పన్నెండోది రెండు ముక్కలు.

"ఒకటి పెరిగింది" అంది బాలలక్ష్మి. ముత్తైదువ చేతి గాజు పగిలిందని అనరు.

"అత్తమ్మా, వద్దు. నా తప్పయింది. ఎర్రగుర్తు పడితే పడనీ..."

"నా కొడుకు మూడేండ్లు యాడనో పండుకుంటే నువ్వు రాత్రి గోడ దిక్కు మొగం వెట్టి ఏడ్సుడు నేనిన్న" అంది అత్త. "అంగి తే."

ఐదు కావడానికి రెండు నిమిషాలున్నాయి. బాలలక్ష్మి గుంటలో కూర్చుంది, మొగుడి తెల్ల అంగి తొడుక్కుని. తీసిన గాజుల్ని తెచ్చి కండెల బుట్టలో పెట్టింది, బాలనర్సయ్య పక్కనే. ఆయన వాటి వైపు చూడకుండా ఉండడానికి పైకప్పు రేకులు లెక్కపెడుతున్నట్టున్నాడు. మహేందర్ తలుపు గొళ్లెం పెట్టి, పంకా ఆపాడు. తల్లి చేతుల వైపు చూడలేదు.

నవత ఫోనును మగ్గం మీదికి వంచి పట్టుకుంది. మగ్గం మీది బట్ట, ముంజేతుల దాకా రెండు చేతులు. ఇంకేమీ కనబడకూడదు. బొత్తాం నొక్కింది.

నూరు మంది. ఏడు వందలు. రెండు వేలు. ఐదు నిమిషాల్లో మూడు వేలు దాటారు.

"నమస్కారం తాతా" అని సంగీత రాసింది. నవత పైకి చదివింది.

"నమస్తే బిడ్డా" అన్నాడు బాలనర్సయ్య గోడ పక్క నుంచి. అచ్చంగా ఆయన గొంతే. "అందరు మంచిగున్నరా?"

మగ్గం మొదలైంది. పోగు మోసే నాడె అటు పోయి ఇటు వచ్చింది. బాలలక్ష్మి వేళ్లు రంగు పోగుల్ని ఒక్కొక్కటే దూర్చి, గట్టిపరచి, మళ్లీ దూర్చుతున్నాయి. గొల్లభామ పాదాలు లేచాయి. పావడ కుచ్చిళ్లు, నడుము. మధ్య మధ్య ఎవరో ఏదో అడుగుతారు, నవత చదువుతుంది, మామ చెబుతాడు. ఈ రంగు ఏది తాతా, ఎన్ని పోగులు తాతా. నలభై రెండేళ్ల విద్య, అడిగినదానికల్లా ఆయన నోట ఠక్కున జవాబు.

ముప్పావు గంట గడిచేసరికి గాలి తిరిగింది. క్షమించు తాతా అని ఒకరు. అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను అని గజ్వేల్ టీచరే రాసింది. ఎర్రటి గుండె బొమ్మలు జలజలా పైకి లేస్తున్నాయి. మహేందర్ మెల్లగా లేచి, సంచిని కాలితో గోడ మూలకు జరిపాడు. నవత అది చూసింది. దేవుడా, గట్టెక్కించు అనుకుంది.

"ఆ చేతుల్లోనే ఉంది తాతా మహిమంతా" అని ఇంకెవరో రాశారు. "ఆ చేతులకు దండం." నవత అదీ చదివింది.

చల్లగుండు బిడ్డా అనాలి ఆయన. అనలేదు. నవత కళ్లెత్తి చూసింది. బాలనర్సయ్య బుట్టలోని గాజుల్ని చూస్తున్నాడు.

గొల్లభామ చేతిలో కోల పూర్తయింది. మెడ వచ్చింది, ముఖం సగం వచ్చింది. బాలలక్ష్మి వేళ్లు పసుపు పోగు దాకా వెళ్లాయి. అక్కడ ఆగాయి. ఆమె కళ్లు ఒక్కసారి గోడ వైపు పోయాయి. తర్వాత పసుపు పోగును వదిలేసి, నల్ల పోగు తీసుకుంది. అది జుట్టుకు. ముక్కు ఉత్తదిగానే ఉండిపోయింది, తాతల నాటి ముక్కులాగే.

మంచిదే అనుకుంది నవత. పుడక లేకపోతేనే మంచిది. ఇంకో పది నిమిషాలు.

"పుడక మర్సినవే" అన్నాడు బాలనర్సయ్య.

మెల్లగానే అన్నాడు. కానీ ఫోను వినే ఉంటుంది. మగ్గం ఆగిపోయింది. పైకి లేస్తున్న గుండె బొమ్మలు ఒక్కటొక్కటిగా తగ్గాయి. "తాత ఎవరితో అంటున్నారు?" అని ఒకరు. "అక్కడ ఇంకెవరున్నారు?" అని ఒకరు.

"బాపూ!" అన్నాడు మహేందర్ గొంతులోనే.

సంగీత రాసింది: "నవతా, కెమెరా ఒక్కసారి పైకెత్తు. తాతగారి ముఖం చూపించు."

నవత బొటనవేలు ఆపే బొత్తాం మీదికి పోయింది. నెట్‌వర్క్ పోయిందని చెప్పొచ్చు. కరెంటు పోయిందని చెప్పొచ్చు. చెప్పడానికి ఇంకా ఏదో ఒకటి ఉండకపోదు.

కాలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. బాలనర్సయ్య లేచాడు. కుడిచేయి గోడ మీద లేదు. ఆ చేతిలో పదకొండు ఆకుపచ్చ గాజులున్నాయి. గోడ ఆసరా లేకుండా నాలుగడుగులు వేసి, ఊగుతూ వచ్చి, మగ్గం అంచున కూలబడ్డాడు. ఫోనులో ఇప్పుడు మూడు చేతులు కనబడుతున్నాయి.

"చెయ్యియ్యి" అన్నాడు.

బాలలక్ష్మి ఇవ్వలేదు. తల అడ్డంగా ఊపింది. ఒంటిచేత్తో గాజు తొడగడం ఎవరి తరమూ కాదు. అయినా ఆయన మొదటి గాజును ఆమె వేళ్ల మీదికి నెట్టడానికి చూశాడు. అది జారి నేత మీద పడింది, గొల్లభామ ముఖం మీద. మళ్లీ తీశాడు.

"తొడుక్కోవే" అన్నాడు, మూడు వేల రెండు వందల మంది వింటుండగా. "నేనింకా బతికే ఉన్న."

నవత బొటనవేలు బొత్తాం మీదే ఉంది. మహేందర్ కళ్లతోనే ఆపు, ఆపు అంటున్నాడు.

"ఆపకు, బిడ్డా" అన్నాడు మామ తలెత్తకుండానే. "ఫోను పైకెత్తు. గొల్లభామను నేసిందెవలో అడుగుతున్నరు గదా."